కొండ మీది గోండ్రు కప్ప: మీ ప్రశ్నలు, నా జవాబులు

వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురేస్తే చాలు, మన నెల్లూరు వైపు నుంచి వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. నిమ్మ తెగుళ్లూ పాముల భయాలూ పక్కకు జరిగి కప్పలు ముందుకొస్తాయి. ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం గోండ్రు కప్ప మీదే. ఒళ్లంతా బుడిపెలతో, పొట్టి కాళ్లతో, పెద్దగా గెంతకుండా చిన్న చిన్న దూకులేసుకుంటూ, వీధి లైటు కింద పురుగుల కోసం కాపు కాసే కప్ప అది. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినన్నాళ్లూ నాకు బాగా ఇష్టమైన పాఠం కప్పదే. రిటైరయ్యాక ఉదయగిరి, రాపూరు కొండల వెంట తిరగడం మొదలుపెట్టాక ఆ ఇష్టం ఇంకా పెరిగింది. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: మేడమ్ గారూ, కార్తీక మాసంలో పెంచలకోన వెళ్లాం. దర్శనం అయ్యాక కొండ మీదికి కాస్త ఎక్కాం. ఎక్కడా నీటి చుక్క కనపడని చోట ఎండుటాకుల్లో పెద్ద గోండ్రు కప్ప కూర్చుని ఉంది. మా ఆయన "పాపం దారి తప్పి వచ్చింది, తీసుకెళ్లి వాగులో వదులుదాం" అన్నారు. నేను ముట్టుకోవద్దన్నాను. ఎవరిది కరెక్టు? – ఒక గృహిణి, రాపూరు

మీదే కరెక్టమ్మా. ఆ కప్ప దారి తప్పలేదు, తన ఇంట్లోనే తను కూర్చుని ఉంది.

కప్ప అనగానే మనకు చెరువే గుర్తొస్తుంది. చెరువు గట్టున బెకబెకలాడే కప్పలకు ఆ లెక్క సరిపోతుంది. గోండ్రు కప్పకు ఏడాది మొత్తంలో నీటిగుంటతో పని పడేది కొద్ది రోజులే, అదీ గుడ్లు పెట్టడానికి. మిగతా కాలమంతా నేల మీదే. పగలు రాళ్ల కింద, చెట్ల వేళ్ల సందుల్లో, పాడుబడిన పుట్టల్లో, ఆకుల అడుగున నక్కి ఉంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి చీమలు, చెదలు, పేడపురుగులు ఏరుకు తింటుంది. దానికి పళ్లు లేవు. దొరికినదాన్ని అంటుకునే నాలుకతో లాక్కుని ముక్కలు చెయ్యకుండా మింగేస్తుంది. మింగేటప్పుడు కళ్లు మూసుకోవడం చూసే ఉంటారు. ఆ కనుగుడ్లు లోపలికి దిగి నోటిలోని పురుగును గొంతులోకి నెడతాయి. 

మన వెలిగొండల అడవి ఆకురాల్చే అడవి. ఎండలు మొదలయ్యేసరికి చాలా చెట్లు బోసిపోతాయి, నేల మీద ఆకులు పొరలు పొరలుగా పడతాయి. పైపొర గలగలలాడుతూ ఎండిపోయి ఉంటుంది. ఒక కర్రపుల్లతో నెమ్మదిగా ఆ పొరలు తొలగించి చూడండి (చెయ్యి మాత్రం పెట్టకండి, తేళ్లుంటాయి). అడుగున మట్టికి అంటుకుని కుళ్లుతున్న ఆకులు నల్లగా, మెత్తగా, చల్లగా ఉంటాయి. పైన అంత ఎండ కాస్తున్నా ఆ అడుగు పొరలో తేమ నిలుస్తుంది. కప్ప బతుకు ఆ తేమ మీదే ఆధారపడి ఉంది.

ఎందుకంటే అది నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింది భాగంలో, వెనక తొడల దగ్గర చర్మం పలచగా ఉండి రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. తడి మట్టికి ఆ భాగాన్ని ఆనించి కూర్చుంటే నీరు ఒంట్లోకి ఇంకుతుంది. ఇంకిన నీటిని మూత్రాశయంలో నిలవ చేసుకుంటుంది. ఎండలు ముదిరి ఒళ్లు ఆరిపోతుంటే ఆ నీటినే తిరిగి రక్తంలోకి తీసుకుంటుంది. మనం చేత్తో పట్టుకోగానే అది ఉచ్చ పోస్తుందే, అప్పుడు పోయేది దాని ఎండాకాలపు నిలవ నీరు. మీరు ముట్టుకోవద్దనడం అందుకే నాకు అంత నచ్చింది. పైగా పట్టుకెళ్లి వాగులో వదిలితే దానికి తెలిసిన రాయీ, తెలిసిన బొరియా రెండూ పోతాయి. 

ఇక నీటిలో ఆ కొద్ది రోజుల పని ఎలా ఉంటుందో చెబుతాను. ఉదయగిరి కొండ కింద, దుర్గానికి ఎక్కే వైపు, మేకలు నీళ్లు తాగే చిన్న కుంట ఒకటి ఉంది. గట్టి వాన పడిన రాత్రి దాని గట్టున టార్చి పట్టుకుని కూర్చున్నాను. ముందు మగవి వచ్చాయి. మామూలుగా మట్టిరంగులో ఉండే మగ కప్పలు ఆ రాత్రి పసుపు రంగు తిరిగాయి. కొన్నయితే పసుపు ముద్దలో ముంచి తీసినంత పచ్చగా ఉన్నాయి. గొంతు కింద సంచి ఉబ్బించి ఆగకుండా కుర్రుమంటూ పాడుతున్నాయి. ఆడవి కొండ వైపు నుంచి ఒక్కొక్కటే దిగి వచ్చాయి, మగవాటి కంటే బాగా పెద్దవి. మగది ఆడదాని వీపెక్కి చంకల కింద గట్టిగా పట్టుకుంటుంది. అలా మోసుకుంటూనే ఆడది నీటిలోని గడ్డి చుట్టూ తిరుగుతూ గుడ్లు వదులుతుంది. తెల్లవారి చూస్తే జిగురు తాళ్లు రెండేసి పేటలుగా గడ్డికి చుట్టుకుని ఉన్నాయి, లోపల నల్లపూసలు గుచ్చినట్టు గుడ్లు. వేలల్లో ఉంటాయి. తల్లిదండ్రులు అప్పటికే వెళ్లిపోయాయి, కొండ మీదికే.

గుడ్ల నుంచి వచ్చే తోకకప్పలు నల్లగా ఉంటాయి, గుంపులు గుంపులుగా ఒడ్డు వెంట తిరుగుతాయి. కాళ్లు మొలిచి తోక కరిగిపోయాక బయటికొచ్చే పిల్లకప్ప మీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. అంత చిన్న ప్రాణి కుంట వదిలి అడవి వైపు నడవాలి. అంటే ఈ కప్పకు రెండిళ్లు, మధ్యలో ఒక దారి. కొండ మీది ఆకుల నేల ఒక ఇల్లు, కింది కుంట మరో ఇల్లు. ఏది పోయినా కప్ప పోతుంది. ఈసారి మీ ఆయనగారితో కొండెక్కినప్పుడు దిగువన కుంట ఎక్కడుందో చూసి రండి. మీరు చూసిన కప్ప పుట్టింది అలాంటి చోటే.

ప్రశ్న: మాది సీతారామపురం. రాత్రిళ్లు కొండ బండల మీద ఒక రకం కప్ప కనపడుతుంది. గోండ్రు కప్పలాగే పొట్టిగా ఉంది గానీ చర్మం నునుపు, ఒళ్లు కాస్త అణిగినట్టు ఉంటుంది. టార్చి పడగానే బండ పగుల్లోకి దూరిపోయింది. అది గోండ్రు కప్ప పిల్లేనా, వేరే జాతా? – డిగ్రీ విద్యార్థి

నాయనా, నీ ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచాను. ఫొటో పంపి ఉంటే బాగుండేది.

మన ఊళ్లలో ఉండే మామూలు గోండ్రు కప్పను గుర్తుపట్టడానికి తల చూడాలి. కళ్ల చుట్టూ, ముక్కు మీదుగా నల్లటి గట్లు గీత గీసినట్టు కనపడతాయి. వీపు మీది బుడిపెల కొనలు కూడా చాలావాటికి నల్లగా, గరుగ్గా ఉంటాయి. కళ్ల వెనక రెండు ఉబ్బెత్తు గ్రంథులుంటాయి. 1799లో ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టిన జాతి ఇది. ఇప్పటి శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఆ డట్టా ఎవరో తెలుసా? ఒడిశాకు చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గారు. 2006లో ఈ కప్పల ప్రజాతిని (దగ్గరి బంధువులైన జాతుల గుంపును) విడదీసినప్పుడు ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్లు.

నువ్వు చెప్పిన గుర్తులకు దగ్గరగా ఉండేది దాని బంధువే, డట్టాఫ్రైనస్ హోలోలియస్. గుంథర్ అనే శాస్త్రవేత్త 1876లో దీన్ని వర్ణించాడు. తల మీద ఆ గట్లు ఉండవు, చర్మం చాలావరకు నునుపు, శరీరం కాస్త బల్లపరుపుగా ఉంటుంది. చాలాకాలం దీని గురించి పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకు మించి ఉండేది కాదు. నాగార్జునసాగర్ ప్రాంతంలో దొరికినట్టు రికార్డయింది. తరవాత దక్షిణాదిలో మరికొన్ని బండల కొండల మీదా కనిపించింది. బండలున్న చోటే ఉంటుంది, అదే దీని ప్రత్యేకత. పగలు రాతి పలకల కింద, పగుళ్లలో అణిగి ఉంటుంది. ఆ అణిగిన ఒళ్లు ఎందుకో బండ పగులు చూస్తే అర్థమవుతుంది. మన వేలు దూరని సందులోకి అది జారుకుంటుంది. ఎండకు కాలిపోయే బండ మీద ఏం బతుకుతుందిలే అని మనం అనుకుంటాం గానీ, పగులు లోపల నీడా తేమా రెండూ నిలుస్తాయి.

అయితే తొందరపడి పేరు ఖాయం చెయ్యొద్దు. తల మీద గట్లు స్పష్టంగా లేని గోండ్రు కప్ప ఇంకోటి కూడా ఉంది, డట్టాఫ్రైనస్ స్టొమాటికస్. అది ఎక్కువగా పొలాల్లో, ఇసుక నేలల్లో కనపడుతుంది. మామూలు గోండ్రు కప్ప పిల్లలకు కూడా గట్లు చిన్నప్పుడు అంత తేటగా తెలియవు. కాబట్టి ఈసారి కనపడితే పట్టుకోకుండానే తల పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి చెవి పొర కనపడేలా ఒక ఫొటో, అది కూర్చున్న బండ మొత్తం కనపడేలా ఒకటి తియ్యి. తేదీ, టైము, వాన పడిందా లేదా రాసుకో. ఇది నిజంగా హోలోలియసే అయితే మన వెలిగొండలకు అది చిన్న విషయం కాదు.

ఇంకో మాట. మీ వైపు బండలు కొట్టి కంకరకు, పలకలకు తరలిస్తుంటారు. బంజరు బండే కదా అని ఎవరూ పట్టించుకోరు. బండనే ఇల్లు చేసుకున్న జీవికి దాన్ని కొట్టేశాక వేరే చోటు లేదు. చెట్టు కొట్టేస్తే మళ్లీ నాటుకోవచ్చు, కొట్టేసిన బండను తిరిగి పెట్టలేం.

ప్రశ్న: నిమ్మతోట రైతును. తోటలో చెదలు, పురుగులు ఎక్కువయ్యాయి. గోండ్రు కప్పలు పురుగులు తింటాయని విన్నాను. అడవిలోంచి ఒక బస్తాడు తెప్పించి తోటలో వదిలితే మంచిదేనా? – పొదలకూరు

తెప్పించొద్దు అన్నా. తోటకు కప్ప మంచిదే, బస్తాలో వచ్చే కప్ప మంచిది కాదు.

ఆస్ట్రేలియాలో ఇదే ఆలోచన చేశారు. చెరకు తోటల్లో పెంకు పురుగుల బెడద ఎక్కువైందని 1935లో హవాయి నుంచి వందకు పైగా కేన్ టోడ్లను తెప్పించి పెంచి వదిలారు. అవి అసలు దక్షిణ, మధ్య అమెరికా కప్పలు. పెంకు పురుగులేమో చెరకు పైభాగంలో, వాటి పిల్లపురుగులేమో మట్టిలో వేళ్ల దగ్గర. నేల మీద తిరిగే కప్పకు రెండూ అందలేదు. పురుగు తగ్గలేదు, కప్పలు మాత్రం విపరీతంగా పెరిగి దూర దూరాలకు పాకిపోయాయి. వాటి విషం అలవాటు లేని అక్కడి ఉడుములు, పాములు, క్వోల్ అనే చిన్న వేట జంతువులు వాటిని తిని చచ్చిపోయాయి. మన గోండ్రు కప్ప కూడా ఇలాంటి పని చేసింది. మడగాస్కర్ దీవిలో టొమాసినా రేవు చుట్టుపక్కల అది పాతుకుపోయిందని 2014లో బయటపడింది. మన దగ్గర నాగుపాము గోండ్రు కప్పను హాయిగా మింగేస్తుంది, అక్కడి పాములకు ఆ విషాన్ని తట్టుకునే శక్తి లేదు. ఇక్కడ ఏ గొడవా లేని జీవి ఇంకోచోట ముప్పు కావడానికి కారణం అదే.

మీరు అడవిలోంచి తెచ్చేది పక్క కొండ నుంచే కదా అంటారేమో. అభయారణ్యంలోంచి ఏ జీవిని తెచ్చినా చట్టం ఒప్పుకోదు. అంతకంటే ముఖ్యం, కప్పలతో పాటు వాటి రోగాలూ వస్తాయి. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు తెగులు ప్రపంచంలో ఎన్నో జాతులను తుడిచిపెట్టింది. దాని గురించి కింద ఇంకో జవాబులో చెబుతాను.

మీ తోటలో ఉన్న కప్పలు నిలిచేలా చూడండి చాలు. చెట్ల పాదుల్లో రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే మల్చింగ్‌గా వదిలెయ్యండి, తేమా ఆగుతుంది. గట్టు వారన నాలుగు రాళ్లు కుప్పగా వెయ్యండి. సిమెంటు నీటి తొట్టి ఉంటే లోపల ఒక కర్ర ఏటవాలుగా పెట్టండి, పడిన కప్ప ఎక్కి వస్తుంది. లేకపోతే నీళ్లున్న తొట్టిలోనే అలసిపోయి చచ్చిపోతుంది. తోట పక్క నీటిగుంటలో నల్ల తోకకప్పలు కనపడుతున్న వారాల్లో మందు కొట్టిన ట్యాంకులు అందులో కడగొద్దు. చెదలు మొత్తం పోతాయని నేను మాటివ్వను, కప్ప తినేది అది తినేంతే. కానీ ఖర్చు లేని పని ఇది.

ప్రశ్న: మా కుక్క గోండ్రు కప్పను నోటపట్టి నురగలు కక్కింది. మరుసటి రోజుకు కోలుకుంది గానీ మాకు చాలా టెన్షన్ అయింది. కప్పను ముట్టుకుంటే పులిపిర్లు కూడా వస్తాయంటారు, నిజమేనా? – కావలి

పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, ఆ వైరస్ మనుషుల నుంచి మనుషులకు అంటేదే. కప్ప బుడిపెలకూ వాటికీ సంబంధం లేదు.

విషం మాత్రం నిజం. కళ్ల వెనకున్న గ్రంథుల్లో, వీపు బుడిపెల్లో పాలలాంటి ద్రవం ఉంటుంది. అది గుండె మీద పనిచేస్తుంది. కప్ప దాన్ని మన మీదికి చిమ్మదు. నలిపినా, కొరికినా బయటికొస్తుంది. కుక్క కరిస్తే వెంటనే తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా నోరు పక్కనుంచి కడగాలి, తడిగుడ్డతో చిగుళ్లు తుడవాలి. తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా క్షణం ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చిన్న కుక్కపిల్లయితే లక్షణాలు లేకున్నా చూపించండి. మీరు కప్పను ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి, కడుక్కునే దాకా కళ్లు నలుపుకోవద్దు. నాటుమందు పేరుతో గోండ్రు కప్పను వండి పెట్టేవాళ్లుంటే వాళ్ల మాట అస్సలు వినొద్దు. ప్రాణాలు పోతాయి.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఇంటర్ బైపీసీ. కుంటలు, చెరువులు లేకుండా బతికే గోండ్రు కప్పలు ఎక్కడైనా ఉన్నాయా? – ఆత్మకూరు

ఉన్నాయి తల్లీ. మన దేశంలోనే పడమటి కనుమల వానడవుల్లో మలబార్ చెట్టు గోండ్రు కప్ప ఉంది. గోండ్రు కప్పల కుటుంబంలో పుట్టి చెట్లెక్కి బతుకుతుంది, గుడ్లు పెట్టడానికి మాత్రం దానికీ నీరు కావాలి. నాకు మాత్రం నీ ప్రశ్న చదవగానే టాంజానియాలోని కిహాన్సీ కప్ప గుర్తొచ్చింది. దాని కథ నీకు వివరంగా చెబుతాను.

భైరవకోన జలపాతం కింద నిలబడితే మొహం మీద సన్నటి తుంపర పడుతుంది కదా. ఆ తుంపర ఏడాదంతా, రాత్రీ పగలూ ఆగకుండా పడే నేలను ఊహించు. తూర్పు ఆఫ్రికాలో ఉడ్జుంగ్వా పర్వతాల అడవిలో కిహాన్సీ నది లోయలోకి దూకే చోట అలాంటి నేల ఉండేది. నాచు, పొట్టి గడ్డి, ఫెర్న్ మొక్కలు, అన్నీ ఎప్పుడూ తడిగా. మొత్తం కలిపితే రెండు హెక్టార్లు, అంటే మన లెక్కలో ఐదెకరాలు. ఆ ఐదెకరాల్లో మాత్రమే, ప్రపంచంలో ఇంకెక్కడా లేకుండా, పసుపుపచ్చని చిన్న గోండ్రు కప్ప ఒకటి బతికింది. మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. 1996లో శాస్త్రవేత్తల కంటపడింది, 1999లో పేరు పెట్టారు: నెక్టోఫ్రైనాయిడీస్ ఆస్పెర్జినిస్. అది గుడ్లు పెట్టదు. తోకకప్ప దశంతా తల్లి కడుపులోనే గడిచిపోయి, నాలుగు కాళ్లతో బుల్లి కప్పలు పుడతాయి. కుంట అవసరమే లేదు. తుంపర ఉంటే చాలు.

అది కనపడేనాటికే ఆ నది మీద జల విద్యుత్తు కోసం డ్యాము పని నడుస్తోంది. 2000లో నీటిని మళ్లించేసరికి జలపాతంలో పదో వంతు నీరు మిగిలింది. తుంపర ఆగింది, గడ్డి ఎండింది. ఆ ఏడాదే 499 కప్పలను పట్టి అమెరికా జూలకు తరలించారు. లోయలో పైపులు వేసి, స్ప్రింక్లర్లతో కృత్రిమంగా తుంపర కురిపించారు. కొంతకాలం కప్పలు మళ్లీ పెరిగాయి. 2003లో ఒక్కసారిగా కుప్పకూలాయి. చచ్చిన కప్పల్లో కైట్రిడ్ బూజు కనిపించింది. కప్ప చర్మంతో నీరు తీసుకుంటుంది అని పైన చెప్పాను కదా, చర్మంతో ఊపిరి కూడా పీలుస్తుంది. ఆ బూజు పట్టేది సరిగ్గా చర్మాన్నే. లవణాల సమతూకం తప్పి చివరికి గుండె ఆగిపోతుంది. 2009లో ఆ జాతి అడవిలో అంతరించిందని ప్రకటించారు. 

ఆ తరవాత జరిగిన పని నాకు చాలా ధైర్యాన్నిస్తుంది. అమెరికాలో బ్రాంక్స్, టొలీడో జూలవాళ్లు ఆ కొద్దిపాటి కప్పలను గాజు తొట్లలో తుంపర కురిపిస్తూ సంవత్సరాల తరబడి కాపాడి వేలల్లోకి పెంచారు. 2012లో తొలి విడత కప్పలను తిరిగి కిహాన్సీ లోయలోనే వదిలారు. అడవిలో అంతరించిన ఉభయచరాన్ని అది పుట్టిన చోటికే చేర్చడం అదే మొదటిసారి అన్నారు. స్ప్రింక్లర్లు లేకుండా మాత్రం అక్కడ అవి బతకలేవు. ఒక నది చేసిన పనిని ఇప్పుడు పైపులు చెయ్యాలి.

ఈ కథ నీ రికార్డు బుక్కులో రాసుకునేటప్పుడు రెండు కారణాలూ రాయి, నీరు తగ్గడం ఒకటి, బూజు ఒకటి. ఒక్క కారణం రాస్తే మార్కులు పడొచ్చు గానీ విషయం సగమే వస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అని ఇల్లిల్లూ తిప్పుతారు. మనవడు అది హింస అంటున్నాడు. మేము చిన్నప్పటి నుంచి భక్తితో చేస్తున్నదే. – ఒక పెద్దావిడ, పామూరు

అమ్మా, మీ భక్తిని నేను కాదనను. కప్పకూ వానకూ ముడి ఉందని ఎప్పుడో గమనించి, దాన్ని తల్లీ అని పిలిచిన మనుషులు మనవాళ్లు. ఇంటింటా బిందెలతో నీళ్లు పోయడం కూడా కప్పకు హాయే. బాధంతా తాడుతో. బిగించి కట్టి గంటలకొద్దీ ఎండలో తిప్పితే చర్మం ఆరిపోయి చచ్చిపోతుంది. మట్టితో కప్పబొమ్మ చేసి రోకలికి కట్టండి, పాటలు అవే పాడండి, నీళ్లు అలాగే పోయించుకోండి. నిజం కప్పే కావాలంటే, తడి మట్టి వేసిన కుండలో పెట్టి, పైన పలచటి గుడ్డ కట్టి, నీడన కాసేపు తిప్పి, పట్టిన చోటే వదిలెయ్యండి. మీ మనవడికి నా ఆశీస్సులు చెప్పండి.

ప్రశ్న: రోజూ రాత్రి బైకు మీద ఉదయగిరి వైపు నుంచి ఇంటికొస్తాను. తొలి గట్టి వాన పడిన రాత్రి రోడ్డంతా నలిగిన కప్పలే. చూడలేకపోతున్నాను. ఒక్కడిని ఏం చెయ్యగలను? – ప్రైవేటు ఉద్యోగి

మీరు చూసింది పైన చెప్పిన దారే బాబూ. కొండ నుంచి కుంటకు దిగే దారి మీదుగా మన రోడ్డు పోతుంది. అవి రోడ్డంతా ఒకేలా దాటవు. సాధారణంగా ఒక పక్క కొండ వాలు, మరో పక్క కుంటో పంటకాలువో ఉన్న కొద్ది దూరంలోనే గుంపుగా దాటుతాయి. ఈ వానల్లో మీరు వచ్చే దారిలో అలాంటి చోట్లు గుర్తుపట్టండి. కిలోమీటరు రాయి నంబరు, తేదీ, ఎన్ని నలిగాయి, ఎన్ని బతికున్నాయి, ఫోన్‌లో రాసుకోండి. రెండు వానాకాలాలు ఇలా రాస్తే చేతిలో రుజువుంటుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అక్కడ ఒక పెద్ద తూము అడగొచ్చు. తూము అడుగు నేల మట్టానికి సమంగా, మట్టితో ఉంటే కప్పలు అందులోంచి దాటతాయి. అడుగున లోతు గుంటలా సిమెంటు తొట్టి కట్టేస్తే అందులో పడి ఎక్కలేవు. ఆ తేడా ఇంజినీరు గారికి తప్పకుండా చెప్పాలి.

ఇంకో పని ఎండాకాలానిది. కొత్త గడ్డి వస్తుందని వాలుల్లో నిప్పు పెట్టడం మన వైపు ఉంది. ఆ మంట పెద్ద చెట్టును చాలాసార్లు చంపదు కాబట్టి నష్టం లేదనుకుంటాం. నేల మీది ఆకుల పొర మాత్రం ఒక్క పూటలో బూడిదవుతుంది, దాని కింద నక్కిన కప్ప కూడా. పొగ కనపడితే ఫారెస్టు బీటు ఆఫీసుకు ఫోన్ చెయ్యండి. నంబరు ముందే సేవ్ చేసి పెట్టుకోండి.

రాత్రి బైకు ఆపి కప్పలను చేత్తో దాటించాలనిపిస్తే, ముందు మీ బండి రోడ్డు దిగి ఉండాలి, ఇండికేటర్ వెలగాలి. చేతులు తడి చేసుకుని పట్టుకోండి, సబ్బు, దోమల క్రీము అంటిన చేతులతో వద్దు, అవి చర్మంలోంచి లోపలికి పోతాయి. అది ఎటు తిరిగి ఉందో అటే దించండి. వాన మొదట్లో చాలావరకు కుంట వైపు పోతుంటాయి, గుడ్లు పెట్టేశాక కొండ వైపు. వెనక్కి తీసుకెళ్లి వదిలితే మళ్లీ రోడ్డెక్కుతాయి. ఒంటరిగా కాకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, ఒకరు టార్చితో బండ్లకు కనపడేలా నిలబడాలి. మీ లెక్క కాగితం వచ్చే సంచికలోపు నాకు పంపితే, మిగతా ఊళ్ల వాళ్ల లెక్కలతో కలిపి ఈ పేజీలోనే వేస్తాను.